సగం రేసు కారు

(విజయనగరం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఆటోమొబైల్ క్లబ్ పిల్లల ముందు ఒక వర్క్‌షాప్ మెకానిక్ గారు మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని ఉన్నది ఉన్నట్టు టైప్ చేశాం. మధ్యలో కరెంట్ పోయినప్పుడు ఓ రెండు నిమిషాలు పోయింది.)

వెనకాల వినిపిస్తోందా? ఆ, చెయ్యి ఊపుతున్నారు, సరే. ప్రిన్సిపాల్ గారికీ మేస్టార్లకీ మేడమ్‌లకీ నమస్కారం, పిల్లలందరికీ కూడా. నేను మీ అంత చదువుకున్నోణ్ణి కాదండి, ఐటీఐ డీజిల్ మెకానిక్‌ని, బొబ్బిలి అవతల మా ఊరు. పద్దెనిమిదేళ్ళకి పని ఎతుక్కుంటూ కోయంబత్తూరు ఎల్లిపోయాను, అక్కడ ర్యాలీ కార్లు కట్టే షెడ్‌లో పదకొండేళ్ళు చేశాను, మొదటి రెండేళ్ళు స్పానర్లు తుడవడమే పని అనుకోండి, తర్వాత కేజ్ వెల్డింగు, అంటే పల్టీ కొట్టినా నలగకుండా కారు లోపల పైపులతో కట్టే పంజరం, సీట్లు బిగించడం, బెల్టులు కట్టడం ఇవన్నీ చేతికొచ్చాయి. మా నాన్నకి ఒంట్లో బాగోకపోతే వచ్చేసి ఇక్కడ దాసన్నపేట వైపు చిన్న షెడ్ పెట్టుకున్నాను. అంతే నా బయోడేటా.

నన్ను పిలిచినప్పుడు మేస్టారు ఏటన్నారంటే, మా పిల్లలు బాజా బండి, అదే కాలేజీల పోటీకి కట్టే మట్టిరోడ్డు బండి, కట్టారు, దాని గురించి నాలుగు మాటలు చెప్పండి అన్నారు. చెప్దామనే వచ్చాను. కానీ ఇందాక గేటు దగ్గర పార్కింగ్‌లో ఒక తెల్ల స్విఫ్ట్ చూశాను. లోపల ఎర్ర బకెట్ సీటు, అదే ఒంటిని పక్కలనుంచి పట్టి ఉంచే రేసు సీటు, నాలుగు పాయింట్ల ఎర్ర బెల్టు, వెనక సీటు లేదు, దాని చోట అడ్డంగా ఒక పైపు. అది చూశాక బాజా గురించి ఇంకోసారి చెప్పుకుందాం అనిపించింది, ఈ పూట దీని గురించే మాట్లాడతాను. ఎవరిదో చెప్పక్కర్లేదు, తిట్టడానికి రాలేదు నేను. (నవ్వులు)

ఏటంటే బావూ, ఆ కారు కట్టుకున్న గుంటడు సేఫ్టీ కోసమే కట్టుకున్నాడు, అది నాకు తెలుసు. రేసు కార్లు అంత స్పీడులో పల్టీలు కొట్టినా డ్రైవరు లేచి నడుచుకుంటూ వచ్చేస్తాడు, వీడియోలు చూస్తాం కదా. 2020 నవంబర్‌లో బహ్రెయిన్‌లో ఫార్ములా వన్ డ్రైవరు రొమాన్ గ్రోజాన్ కారు రెయిలింగ్‌లోకి దూసుకెళ్ళి రెండు ముక్కలై మంటల్లో ఉంటే, ఆయన ఓ అర నిమిషం లోపు ఆ మంటల్లోంచి బయటికి వచ్చాడు. అది చూసినోడికి ఎవడికైనా ఏటనిపిస్తాది, ఆ సామాన్లు నా కారులో కూడా పెట్టుకుంటే నేనూ అలాగే వచ్చేస్తాను అనిపిస్తాది. ఆలోచన తప్పు కాదు. లెక్క తప్పు. ఆయన బతికింది బెల్టు వల్ల కాదు, సీటు వల్ల కాదు, హెల్మెట్ వల్ల కాదు, తల మీద ఆ హేలో కమ్మీ వల్ల ఒక్కదానివల్లే కూడా కాదు, అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి, అందులో ఏ ఒక్కటి పీకేసినా మిగతావి పనిచెయ్యవు. కొన్ని అయితే ఎదురు తిరుగుతాయి. ఆ ఎదురు తిరగడం గురించే చెప్పాలని ఉంది నాకు.

మన సిరిమాను ఉంది కదా, దసరా తర్వాత మంగళవారం. పైడితల్లి అమ్మవారి పూజారి గారు పొడుగాటి మాను చివర అంత ఎత్తులో కూర్చుంటారు. జనానికి ఆ చివర కుర్చీయే కనిపిస్తాది. కింద ఇరుసు, దాన్ని మోసే రథం, మాను అడుగు వైపు బరువు, లాగేవాళ్ళు, ఇవన్నీ లెక్కగా ఉంటేనే ఆయన అక్కడ కూర్చోగలడు. ఆ కుర్చీ ఒక్కటీ పట్టుకెళ్ళి మీ మేడ మీద కొబ్బరిచెట్టుకి కడితే సిరిమాను అయిపోద్దా? ఆ స్విఫ్ట్‌లో జరిగింది అదే.

సరే లెక్క చెప్తాను, మీరు బోర్డు మీద ఎలాగూ వేస్తారు. 60 కిలోమీటర్ల స్పీడు అంటే సెకనుకి 16.7 మీటర్లు. ఇది సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి కింద పడ్డంతో సమానం, అంటే నాలుగంతస్తుల మేడ పైనుంచి అనుకోండి. రోడ్డు మీద 60 అంటే మనకి నత్తనడక, ఎవడూ లెక్కచెయ్యడు. ఆ స్పీడులో పోయి గోడకి కొడితే కారు ముందు భాగం ఒక 60 సెంటీమీటర్లు నలిగి ఆగింది అనుకుందాం, సగటున మీ బరువుకి 24 రెట్ల బలం మీ మీద పడతాది. 70 కేజీల మనిషి 1,680 కేజీలు అవుతాడు ఆ క్షణానికి. మన వీరఘట్టం కోడి రామ్మూర్తి గారు గొలుసులు పట్టుకుని రెండు కార్లని రెండు వైపులా ఆపేసేవారని పెద్దోళ్ళు చెప్తారు, మనం ఆయన కాదు కదా, స్టీరింగ్ పట్టుకుని ఆపుకుంటాను అంటే ఎలా. అందుకే బెల్టు. ఆ 1,680 కేజీల్ని ఒంట్లో ఏ ఎముక మీద పెట్టాలి అన్నదే బెల్టు కనిపెట్టినోడి తలనొప్పంతా. గట్టి ఎముకలు రెండే, తుంటి ఎముక, భుజం నుంచి రొమ్ము మీదుగా వచ్చే చోటు. పొట్ట మీద పెట్టకూడదు, మెడ మీద పెట్టకూడదు.

ఇప్పుడు మన కార్లో ఉండే మామూలు మూడు పాయింట్ల బెల్టు. దీన్ని 1959లో వోల్వోలో నిల్స్ బోలిన్ అనే ఆయన చేశాడు, అంతకుముందు ఆయన విమానాల్లో పైలట్ బయటికి ఎగిరే సీట్లు చేసేవాడు. వోల్వో వాళ్ళు ఆ పేటెంట్‌ని ఎవరైనా వాడుకోవచ్చు అని వదిలేశారు. ఆ బెల్టు చూడ్డానికి చవగ్గా, ఒక పక్కే భుజం, ఏదో సగం పని చేసినట్టు ఉంటాది. ఆ సగమే దాని గొప్పతనం. గుద్దినప్పుడు మీ ఒళ్ళు ఒక పక్క భుజం దగ్గర ఆగి కొంచెం తిరుగుతాది, ఆ తిరగడంలో తల మెడ కలిసి ఒకేలా ముందుకి వస్తాయి. దానికి తోడు ఇప్పటి కార్లలో గుద్దగానే బెల్టుని వెనక్కి గుంజే ప్రిటెన్షనర్ ఉంటాది, ఆ వెంటనే రొమ్ము మీద బరువు మరీ ఎక్కువైతే కొంచెం కొంచెం బెల్టు వదిలే లోడ్ లిమిటర్ ఉంటాది, అలా వదులుతూ వదులుతూ మిమ్మల్ని తీసుకెళ్ళి ఎయిర్‌బ్యాగ్‌లో పడుకోబెడతాది. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి 30, 40 మిల్లీసెకన్లు, కన్ను రెప్ప వేసే టైం కూడా కాదు. అంత టైమింగ్‌తో బెల్టు, బ్యాగు, సీటు మూడూ కలిసి ఆడే ఆట అది. కంపెనీవాళ్ళు బొమ్మల్ని కూర్చోబెట్టి గుద్ది గుద్ది కుదిర్చిన టైమింగ్.

దాన్ని పీకేసి మనం నాలుగు పాయింట్ల బెల్టు పెట్టాం అనుకోండి. ఏమవుతాది? ముందు రొమ్ము కదలదు. రెండు భుజాలూ సీటుకి కట్టేశాం కాబట్టి. మరి తల? తలకి ఎవడూ బెల్టు కట్టలేదు. తల 5 కేజీలు అనుకుంటే 24 రెట్లు అంటే 120 కేజీలు, ఆ 120 కేజీలూ మెడ ఒక్కటే లాక్కోవాలి. ఎయిర్‌బ్యాగ్ దగ్గరికి తల చేరేలోపే మెడ పని అయిపోవచ్చు. ఇది నేను భయపెట్టడానికి చెప్పట్లేదు, ఇదే జరిగింది రేసుల్లో, ఒకసారి కాదు చాలాసార్లు. 2001 ఫిబ్రవరి 18న అమెరికాలో డేటోనా రేసు ఆఖరి ల్యాప్‌లో డేల్ ఎర్న్‌హార్ట్ గోడకి కొట్టి చనిపోయాడు, ఏడుసార్లు ఛాంపియన్ ఆయన, చూడ్డానికి కారు అంత ఘోరంగా కూడా నలగలేదు, కపాలం అడుగు ఎముక విరిగింది. అప్పటికే హాన్స్ అని మెడకి పెట్టుకునే పరికరం ఉన్నాది, రాబర్ట్ హబ్బర్డ్ అనే ప్రొఫెసరూ, ఆయన బావ జిమ్ డౌనింగ్ అనే రేసరూ 1980ల్లోనే మొదలెట్టారు, కానీ డ్రైవర్లు ఇది ఇబ్బంది, మెడ తిరగదు, అదీ ఇదీ అని పెట్టుకునేవాళ్ళు కాదు. ఎర్న్‌హార్ట్ పోయాక అదే ఏడాది అక్టోబర్లో నాస్కార్‌లో, అంటే ఆయన ఆడిన ఆ అమెరికా రేసుల్లో, పెద్ద సిరీస్‌ల డ్రైవర్లకి హాన్సో అలాంటిదో ఒకటి తప్పనిసరి అయింది, ఫార్ములా వన్‌లో 2003 నుంచి. ఇప్పుడు చెప్పండి, అలాంటి బెల్టు పెట్టుకుని హాన్స్ లేకుండా మన రింగ్ రోడ్డు మీద తిరుగుతున్నామంటే, రేసు వాళ్ళు ఇరవై ఏళ్ళ కిందట ఒగ్గేసిన పద్ధతిని మనం డబ్బులిచ్చి మరీ కొనుక్కున్నట్టు.

మరి హాన్స్ కూడా పెట్టుకుంటాం సార్ అంటారు. పెట్టుకో నాయనా, దానికి హెల్మెట్ కావాలి, హెల్మెట్‌కి తగిలించేదే అది. హెల్మెట్ పెట్టుకుని పాల ప్యాకెట్‌కి ఎల్తావా? (నవ్వులు) వట్టి హెల్మెట్ పెట్టుకుంటాను అంటే అదింకా దారుణం, కేజీన్నర హెల్మెట్ 24 రెట్లకి ఇంకో 36 కేజీలు అదే మెడ మీద. పైగా పక్కనుంచి వచ్చే బైకు కనపడదు.

ఇంకోటి, ఇది కొంచెం ఇబ్బందిగా ఉంటాది వినడానికి, అయినా చెప్తాను. నాలుగు పాయింట్ల బెల్టుకి మధ్యలో కాళ్ళ సందులోంచి వచ్చే పట్టీ ఉండదు. మీ బాజా బండిలో ఐదో ఆరో ఉంటాయి, ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? గుద్దినప్పుడు భుజాల పట్టీలు బకిల్‌ని పైకి లాగుతాయి. దాంతో తుంటి మీద ఉండాల్సిన పట్టీ పొట్ట మీదకి ఎక్కేస్తాది, మనిషి కిందకి జారిపోతాడు. పొట్టలో ఎముక లేదు, లివరు ఉన్నాది, పేగులు ఉన్నాయి. ఆ కింద పట్టీ ఉన్నది బకిల్ కిందకి పట్టి ఉంచడానికి, అంతే. జర్మనీలో ష్రోత్ అని ఒక కంపెనీ ఉన్నాది, వాళ్ళు రోడ్డు కారుకి నాలుగు పాయింట్ల బెల్టు చేశారు, అప్రూవల్ కూడా ఉన్నాది, అందులో ఒక భుజం పట్టీలో కుట్టు ఉంటాది, గుద్దితే ఆ కుట్టు విడిపోయి ఆ పక్క పట్టీ కొంచెం పొడుగవుతాది. ఎందుకు? ఒళ్ళు మూడు పాయింట్ల బెల్టులోలాగా కొంచెం తిరగాలని! అంటే నాలుగు పాయింట్లది కొన్నా చివరికి దాన్ని మూడు పాయింట్ల బెల్టులా పనిచేయించడానికి తంటాలు పడ్డారన్నమాట. అదీ ఏ సీటుతో ఏ కారుకి అన్నది రాసి ఉంటాది పేపర్లో, అన్నిటికీ కాదు.

మన ఊళ్ళో అమ్మేవి అవి కావు. పోయినేడు ఒక కుర్రాడు తెచ్చాడు నా షెడ్‌కి, ఆన్‌లైన్లో కొన్నాడు, రెండు వేల లోపే. పట్టీ మీద పెద్ద అక్షరాలతో ఏదో రేసు బ్రాండ్ పేరు ఎంబ్రాయిడరీ, ఎఫ్‌ఐఏ, అంటే ప్రపంచ మోటారు రేసులకి రూల్స్ పెట్టే సంస్థ, దాని లేబుల్ ఏదీ అంటే లేదు. నిజం రేసు బెల్టుకి కుట్టిన లేబుల్ ఉంటాది, ఇప్పటి స్టాండర్డ్ 8853-2016, తయారైన ఏడాది దాటాక ఐదేళ్ళకి దాని టైం అయిపోతాది, ఎంత కొత్తగా కనపడినా సరే తీసేయాల్సిందే, ఎండకీ చెమటకీ పట్టీ పోతాది కాబట్టి. ఆ కుర్రాడు నన్ను అడిగింది ఏటంటే, భుజం పట్టీలు వెనక సీటు బెల్టు బోల్టులకి తగిలించెయ్యండి అన్నాడు. వెనక బోల్టులు ఎక్కడుంటాయి, కింద నేల దగ్గర. భుజం నుంచి ఏటవాలుగా కిందకి. అలా కడితే గుద్దినప్పుడు ఆ పట్టీ భుజాన్ని వెనక్కి కాదు, కిందకి నొక్కుతాది, వెన్నెముక మీద. బస్తా మీద బస్తా వేసినట్టు. రేసు రూల్స్‌లో భుజం పట్టీ కిందకి 45 డిగ్రీలు దాటకూడదు, అసలైతే 10 డిగ్రీలు దాటకపోతే మంచిది అని ఉంటాది, అందుకే సీటు వెనకాల భుజాల ఎత్తులో ఒక అడ్డ పైపు కేజ్‌కి వెల్డింగ్ చేస్తారు. నేను చెయ్యను అన్నాను. ఇంకో షాపుకి ఎల్లి చేయించుకున్నాడు. మరేటి చేస్తాం.

సరే, అడ్డ పైపు అన్నాం కాబట్టి కేజ్ దగ్గరికి వద్దాం. నాకు ఇష్టమైన పని ఇది. ఎఫ్‌ఐఏ రూల్స్ ప్రకారం మెయిన్ హూప్, అంటే డ్రైవరు వెనకాల కమానులా వంచి నిలబెట్టే పెద్ద పైపు, 45 మిల్లీమీటర్ల లావు రెండున్నర మిల్లీమీటర్ల మందం, లేకపోతే 50 లావు 2 మందం, అతుకు లేని కోల్డ్ డ్రాన్ పైపు. ఆ పైపు కాళ్ళు బాడీ మీద దిగే చోట 3 మిల్లీమీటర్ల రేకు, 120 చదరపు సెంటీమీటర్లకి తక్కువ కాకుండా. ఇవన్నీ ఎందుకంటే పల్టీ కొట్టినప్పుడు బరువు బాడీ షెల్ మీద ఒక్క చోట కాకుండా పరుచుకోవాలి. మనవాళ్ళు గేట్లూ గ్రిల్సూ చేసే షాపులో ఫర్నిచర్ పైపు, పొడుగునా అతుకున్నది, తెచ్చి వంచేసి, వంపు దగ్గర పైపు నలిగి చపాతీలా అయిపోతే దాని మీద ఎర్ర పెయింట్ కొట్టేసి... ఆ స్విఫ్ట్‌లో పైపు అదే, నేను అద్దంలోంచి చూశాను, అతుకు గీత కనపడింది.

మంచి పైపు తెచ్చి మంచిగా వెల్డింగ్ చేస్తే సరిపోద్దా? రోడ్డు మీద సరిపోదు. రేసు కార్లో మనిషి ఆరు పాయింట్ల బెల్టుతో, చుట్టూ రెక్కలున్న సీటులో బిగుసుకుపోయి ఉంటాడు, హెల్మెట్ ఉంటాది, తల తగిలే ప్రతి పైపుకీ ఎఫ్‌ఐఏ పేడింగ్ ఉంటాది, ఆ పేడింగ్ కూడా హెల్మెట్‌ని దృష్టిలో పెట్టుకుని చేసిన గట్టి ఫోమ్. మన కార్లో మనిషి బెల్టు వదులుగా వేసుకుని, బోడి తలతో, ఆ పైపుకి జానెడు దూరంలో కూర్చుంటాడు. పక్కనుంచి ఆటో వచ్చి 30 స్పీడులో తగిలిందనుకోండి, మామూలు కారైతే తల పక్క అద్దానికి తగులుతాది, పక్క అద్దం మీద పరదాలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే దానికి తగులుతాది. కేజ్ ఉన్న కారైతే ఇనప పైపుకి తగులుతాది. పైగా ఆ పైపు అడ్డం ఉంటే కర్టెన్ బ్యాగ్ సరిగ్గా విచ్చుకోదు. చిన్న యాక్సిడెంట్‌ని పెద్దది చేసుకోవడమే అది.

తిరగేసి చూడండి, కేజ్ లేకుండా బెల్టూ బకెట్ సీటూ ఉంటే? పల్టీ కొట్టి టాప్ కిందకి నలిగితే, మామూలు బెల్టులో మనిషి పక్కకి ఒరగగలడు, ఒరిగే చోటు ఉంటాది. నాలుగు పాయింట్లతో నిటారుగా కట్టేసినోడు ఎక్కడికి ఒరుగుతాడు? టాప్ వచ్చి తల మీద పడతాది. అందుకే అంటున్నాను, పూర్తి రోడ్డు కారైనా మంచిదే, పూర్తి రేసు కారైనా మంచిదే. సగం రేసు కారు రెండిటికన్నా ప్రమాదం. బకెట్ సీటు పెట్టినోడు అసలు సీటు తీసేస్తాడు, అసలు సీటు పక్కలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న మోడల్ అయితే అదీ పోతాది, డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతూ ఉంటాది, దానికి ఒక రెసిస్టర్ పెట్టి లైటు ఆర్పేస్తారు. లైటు ఆరిందంటే రోగం తగ్గిందన్నట్టు!

(ఇక్కడ కరెంట్ పోయింది)

...వచ్చిందా? ఆ. చట్టం గురించి అడుగుతున్నారు ఆ బాబు. చెప్తాను, నేను లాయర్‌ని కాదు గానీ ఆర్‌టీవో ఆఫీసు చుట్టూ తిరిగిన మనిషిని. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా, ఆర్‌సీలో వివరాలు మారిపోయేలా ఓనరు బండి మార్చకూడదు. గ్యాస్ కిట్ లాంటి కొన్నిటికి, వికలాంగుల కోసం మార్చుకునేదానికి పద్ధతి ఉన్నాది, అప్రూవ్డ్ కిట్ ఉండాలి, రాయించుకోవాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసు ఒకదాంట్లో ఇదే ఖాయం చేసింది, కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చడానికి లేదని. అదే ఏడాది చట్టం సవరించారు, 182ఏ నాలుగో క్లాజు, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల ఫైను, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకి, గుర్తుపెట్టుకోండి. సీటుకి ఒకటి, బెల్టుకి ఒకటి, పైపుకి ఒకటి, లెక్కేసుకోండి మీరే.

ఒక అబ్బాయి మొన్న నాతో వాదించాడు, అన్నా ఆర్‌సీలో రోల్ కేజ్ అని కాలమ్ ఎక్కడుంది, లేనిది మారేదేటి అని. తెలివైన ప్రశ్నే. ఆర్‌సీలో సీటింగ్ కెపాసిటీ ఉన్నాది కదా, అయిదు అని? వెనక సీటు తీసేసి పైపు పెట్టావు, ఇప్పుడెంత? బండి ఖాళీ బరువు రాసి ఉంటాది, ఇనుము ఎక్కించావు, ఇప్పుడెంత? అక్కడితో ఆగిపోయాడు. ఇన్సూరెన్స్ సర్వేయర్ కూడా ఇవే చూస్తాడు, చెప్పకుండా చేసిన మార్పు ఉంటే మీ కారు డ్యామేజీ క్లెయిమ్ దగ్గర పేచీ మొదలవుతాది.

(ప్రశ్న: సార్, థార్‌కి కంపెనీయే రోల్ కేజ్ ఇస్తోంది కదా, అది లీగలైతే ఇది ఎందుకు కాదు?)

మంచిగా అడిగావమ్మా. అది కంపెనీ ఇచ్చింది, అంటే ఆ పైపులతో సహా బండిని డిజైన్ చేశారు, ఆ పైపుల పక్కన సీటు ఎంత దూరం, బెల్టు ఎక్కడ, అన్నీ కలిపి టెస్ట్ చేసి అప్రూవల్ తెచ్చుకున్నారు. 2020 నవంబర్‌లో కార్లని గుద్ది సేఫ్టీకి మార్కులేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు గుద్దితే ఆ థార్‌కి నాలుగు స్టార్లు వచ్చాయి. నువ్వు స్విఫ్ట్‌కి పెట్టిన పైపుని ఎవరు గుద్ది చూశారు? మొదటిసారి గుద్ది చూసేది నువ్వే, అదీ లోపల కూర్చుని. ఇదే లెక్క ముందు బంపర్‌కి పెట్టే ఇనప గార్డులకి కూడా, 2017 డిసెంబర్లో కేంద్రం రాష్ట్రాలకి రాసింది వాటిని తీయించమని, ఇంకా మన హైవే మీద ప్రతి పది బళ్ళకీ ఒకటి కనిపిస్తాది. నలగాల్సిన బంపర్ నలగదు, సెన్సర్‌కి దెబ్బ తెలియాల్సినట్టు తెలియదు, ఎదురొచ్చిన మనిషి కాళ్ళకి ఇనుము.

(ప్రశ్న: ర్యాలీ కార్లు మరి మామూలు రోడ్డు మీద కూడా తిరుగుతాయి కదండి?)

తిరుగుతాయి, ఒక స్టేజ్ నుంచి ఇంకో స్టేజ్‌కి. కానీ అందులో ఇద్దరే ఉంటారు, ఆ ఇద్దరి కొలతలకి అన్నీ బిగించి ఉంటాయి, ఈవెంట్‌కి ముందు స్క్రూటినీలో ఒకాయన టార్చి పట్టుకుని ప్రతి బోల్టూ ప్రతి లేబులూ చూస్తాడు, ఎఫ్‌ఎంఎస్‌సీఐ, అంటే మన దేశంలో మోటారు రేసులు చూసే సంఘం, దాని లైసెన్స్, పర్మిషన్లు ఉంటాయి. మా షెడ్‌లో ఒకసారి లేబుల్ మీద ఏడాది అరిగిపోయి కనపడక ఒక కారుని స్టార్ట్ చెయ్యనివ్వలేదు, మా ఓనరు ఎంత బతిమాలినా వినలేదు. ఆ కారులో మీ అమ్మగారిని ఎక్కించుకుని రామతీర్థం గుడికి తీసుకెళ్ళరు కదా ఎవరూ.

అదీ అసలు తేడా. రోడ్డు కారు అంటే దాంట్లో రేపు ఎవరు కూర్చుంటారో తెలియదు. అప్పలనరసమ్మ పిన్ని కూర్చుంటాది, చెల్లి కూర్చుంటాది, పసిపిల్ల కూర్చుంటాది. బకెట్ సీటు వెనక్కి వాలదు, మడవదు, వెనక ఇరుక్కున్న మనిషిని బయటికి లాగాలంటే ఎలా? బెల్టు మామూలుది అయితే ఒక ఎర్ర బటన్, చూసినోడెవడైనా నొక్కుతాడు. రేసు బకిల్ తిప్పాలి, ఏ వైపు తిప్పాలో రోడ్డు పక్క పొలంలోంచి పరిగెత్తుకొచ్చిన రైతుకి తెలుసా? ఇంకా చిన్న విషయం, బిగుతుగా కట్టుకుంటే ముందుకి ఒంగలేం. గంటస్తంభం దగ్గర నాలుగు వైపులా వచ్చే బళ్ళు, ఆవులు, తోపుడుబళ్ళు, మనం ఒంగి చూడకుండా ముందుకి పోగలమా? ఒంగడానికి రాక ప్రతివాడూ ఏటి చేస్తాడో తెలుసా, వదులు చేసుకుంటాడు. వదులు చేసుకున్న రేసు బెల్టు అన్నిటికన్నా హీనం. రెండు వారాలయ్యాక అదీ మానేసి పక్కన పడేస్తాడు, మామూలు బెల్టు ముందే పీకేశాడు, ఇప్పుడు ఏ బెల్టూ లేదు. నేను చూసిన పదింట్లో ఎనిమిది ఇలాగే తేలాయి.

ఏ బెల్టూ లేకపోవడం అంటే గుర్తొచ్చింది. రేసు సామాన్ల మీద యాభై వేలు పెట్టే కుర్రాడి కారులోనే, బీప్ బీప్ మనకుండా పెట్టే ఆ క్లిప్పు చూశాను నేను, బకిల్లో గుచ్చేది. 2022 సెప్టెంబర్ 4న పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ గారు చనిపోయారు, అంత ఖరీదైన కారు, వెనక సీట్లో బెల్టు పెట్టుకోలేదు. ఆ తర్వాతే గోల మొదలయింది, 2023లో వినియోగదారుల అథారిటీ అయిదు ఆన్‌లైన్ కంపెనీల మీద ఆర్డరు వేస్తే 13 వేలకి పైగా ఆ క్లిప్పుల లిస్టింగులు తీసేశారు. మన కాంప్లెక్స్ దగ్గర మాత్రం ఇప్పటికీ యాభై రూపాయలకి వేలాడుతూ ఉంటాయి. బెల్టు లేకపోతే 1,000 రూపాయలు ఫైను, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకపోయినా అంతే, 194బి.

(ప్రశ్న: అయితే రేసు సామాన్లలో రోడ్డు కారుకి పనికొచ్చేది ఏదీ లేదా సార్?)

ఎందుకు లేదు. మంటలార్పే సిలిండరు పెట్టుకోండి, ఐఎస్‌ఐ మార్కుది, మనవాళ్ళు పెట్టరు. కానీ బ్రాకెట్‌తో బోల్టు వేసి పెట్టండి, సీటు కింద వట్టిగా పడెయ్యకండి, 2 కేజీల వస్తువు ఇందాకటి లెక్కలో 48 కేజీలు, సిమెంట్ బస్తా మీదకొచ్చినట్టు. బెల్టు కోసే కత్తి, అద్దం పగలగొట్టే సుత్తి, ఇవి చేతికందే చోట. మంచి టైర్లు, అది నేను మొదట చెప్పాల్సింది. బ్రేక్ ప్యాడ్లు మాత్రం రేసువి వద్దు, అవి వేడెక్కితేగానీ పట్టవు, పొద్దున్నే మంచులో సాలూరు ఘాట్ దిగేటప్పుడు మొదటి మలుపులోనే తెలిసొస్తాది. మిగతాది, సీటు నిటారుగా పెట్టుకుని, తల ఆనే దిండు చెవి ఎత్తుకి లాక్కుని, కంపెనీ బెల్టుని నడుం మీద కాకుండా తుంటి మీద కూర్చునేలా కిందకి తోసి, భుజం పట్టీలో వదులు లాగేసి పెట్టుకోండి. పైసా ఖర్చు లేదు. చాలామంది చొక్కా నలుగుద్దని చంక కిందనుంచి వేస్తారు, అలా వేస్తే పక్కటెముకలు పోతాయి.

స్పీడు సరదా ఉంటే, చెన్నై దగ్గర ట్రాక్ ఉన్నాది, కోయంబత్తూరులో కరి ట్రాక్ ఉన్నాది, ట్రాక్ డేలు పెడతారు, నలుగురు కలిసి పోతే ఖర్చు మరీ ఎక్కువ కాదు. అక్కడ మీ కేజ్ పెట్టిన కారుని ట్రెయిలర్ మీద తీసుకెళ్ళండి, అడిగేవాడు లేడు, అది దాని చోటు. రణస్థలం దాటాక ఆ ఆరు లైన్ల రోడ్డు మీద రాత్రి పన్నెండుకి పోటీలు పెట్టుకునే బ్యాచ్ గురించి నాకు తెలుసు, సెక్షన్ 189, మూడు నెలల దాకా జైలు, ఫైను 5,000 దాకా, మళ్ళీ దొరికితే ఏడాది, పదివేలు. అది పక్కన పెట్టండి, ఆ టైముకి చేపల లోడు ఆటోలు లైట్లు లేకుండా వస్తుంటాయి అక్కడ.

టైం అయిపోయిందని మేస్టారు వాచీ చూస్తున్నారు. ఇంకెవరైనా? ఆ, ఆ చివర నిలబడ్డ బాబు. గట్టిగా చెప్పు.

(ప్రశ్న: సార్... ఆ స్విఫ్ట్ నాదే సార్.)

(నవ్వులు, చప్పట్లు)

నవ్వకండమ్మా, లేచి చెప్పాడు, చాలామంది చెప్పరు. బాబూ, వెనక సీటు ఎక్కడుంది? హాస్టల్ రూంలోనా? దాని మీద ఎవరు పడుకుంటున్నారు? (నవ్వులు) సరే. పాత ముందు సీటు? అమ్మేశావా. ఎవరికి, దొరుకుతాదా మళ్ళీ? కనుక్కో. బెల్టు రీలు ఉంచావా, అది కూడా అమ్మేశావా? ఉందా, మంచి పని చేశావు. అయితే శనివారం నా షెడ్‌కి పట్రా, బకెట్ సీటూ పైపూ దించేద్దాం, లేబరు వద్దులే. నీ దగ్గర సీటు బోల్టులు ఒరిజినల్వి ఉన్నాయా? నాలుగూ? మూడేనా... సరే, నాలుగోది నేను చూస్తాను.